ఆ విమానం కూలిన తీరంలో...

హవాయి దీవుల్లో ఒకటైన ఒవాహుకి ఉత్తరాన మొకులేయియా అనే తీరం ఉంది. హొనొలులు నుంచి కారులో గంట పైచిలుకు ప్రయాణం. వైకీకీలోలాగా ఇక్కడ ఆకాశాన్నంటే హోటళ్లు లేవు, ఇసుకలో వరసలు కట్టిన గొడుగులూ లేవు. ఓ పక్క నిటారుగా లేచిన పచ్చటి కొండలు. వాటి పాదాల దగ్గర గ్లైడర్లు ఎగిరే పాత ఎయిర్‌ఫీల్డు. రోడ్డుకి ఇటువైపు సరుగుడు చెట్లు, వాటి వెనక సముద్రం. ఆ సరుగుడు తోపుల్ని చూస్తే మన సూర్యలంకో, మంగినపూడో గుర్తొస్తుంది. అలల్ని చూశాక మాత్రం ఆ పోలిక మరచిపోతాం. చలికాలంలో ఇక్కడి అల మీద పడటానికి వస్తున్నట్టే ఉంటుంది.

ఈ ఇసుకలోనే ఓ విమానం కూలింది. నిజంగా కాదులెండి... టీవీలో!

2004 సెప్టెంబరు 22న అమెరికాలో ఏబీసీ చానల్లో 'లాస్ట్' సీరియల్ మొదలైంది. సిడ్నీ నుంచి లాస్‌ఏంజెలిస్ వెళ్తున్న ఓషియానిక్ 815 విమానం గాల్లోనే విరిగి, ఎవరికీ తెలియని దీవిలో పడుతుంది. తీరంలో పడ్డ భాగంలోంచి 48 మంది బతికి బయటపడతారు. ఆ ఒక్క సన్నివేశం కోసం పాత లాక్‌హీడ్ విమానాన్ని కొని, ముక్కలు చేసి, ఓడ మీద తెచ్చి మొకులేయియాలో పరిచారు. మొదటి కథ రెండు భాగాలకే కోటి డాలర్లు దాటిపోయింది. అప్పటికి టీవీలో అంత ఖరీదైన ప్రారంభం లేదట.

ఇంతకీ ఆ దీవిలో ఏముంది? అక్కడే మొదలైంది గొడవంతా. వేడి అడవిలో ధ్రువపు ఎలుగుబంటి ఎదురైంది. నల్లటి పొగ రాక్షసిలా తిరుగుతూ మనుషుల్ని ఎత్తుకెళ్లింది. నేలలో ఓ ఇనుప తలుపు, దాని కింద ఓ గది, అందులో ప్రతి 108 నిమిషాలకీ ఒకసారి నొక్కాల్సిన బటన్. ఆరు అంకెలు... 4, 8, 15, 16, 23, 42... ఎక్కడ చూసినా అవే. కూడి చూస్తే మళ్లీ 108! అష్టోత్తరం లెక్క తెలిసిన మనవాళ్లకి ఒళ్లు పులకరించడానికి అది చాలదూ! పైగా ఆ దీవిలో పరిశోధనలు చేసిన సంస్థ పేరు 'ధర్మ'. వాళ్ల శిక్షణ ఫిల్ములు 'నమస్తే'తో ముగుస్తాయి.

ఆరు సీజన్లు, 121 ఎపిసోడ్లు, ఆరేళ్లు. అన్నేళ్లూ ప్రేక్షకులు చూసింది కొంత, ఊహించింది కొండంత. ఆ ఊహలు పుట్టిన నేలని చూద్దామని ఫిబ్రవరిలో వెళ్లాం. 'మేము' అంటే శాన్‌హోసేలో ఉండే మా అక్క, బావగారు, పదిహేడేళ్ల మేనకోడలు, నేను. అన్నట్టు, 'లాస్ట్' ఇంకా చూడనివాళ్లకి ఓ మాట... ముగింపు ఇక్కడ చెప్పేస్తున్నాం. తర్వాత మమ్మల్ని అనొద్దు.

పోయారా... ఉన్నారా?

బావగారిది మొదటినుంచీ ఒకటే వాదన. విమానం కూలినప్పుడే అందరూ పోయారు, ఆ దీవి అనేది చచ్చాక ఆత్మలు ఆగే మజిలీ. ఇది ఆయన సొంత సిద్ధాంతమేమీ కాదు. సీరియల్ మొదలైన కొన్ని వారాలకే అమెరికాలో ఆఫీసు కాఫీ మిషన్ల దగ్గర పుట్టిన మాట. అంత ఎత్తునుంచి పడ్డ విమానంలో అంతమంది ఎలా బతుకుతారు? ప్రతివాడికీ వెనక ఏదో ఒక పాపం ఎందుకుంది? చక్రాల కుర్చీలో ఉండాల్సినవాడు లేచి ఎలా నడిచాడు? అడిగితే సమాధానం లేదు. చనిపోయారంటే మాత్రం అన్నీ సరిపోతాయి. రెండో సీజన్లో ఆ నేలమాళిగ గదిలో 'ద థర్డ్ పోలీస్‌మన్' అనే నవల కనిపించింది. ఫ్లాన్ ఓబ్రయన్ రాసిన ఆ పుస్తకంలో కథ చెప్పేవాడు తాను చనిపోయిన సంగతి తనకే తెలియకుండా తిరుగుతుంటాడు. ఇంకేం, దుకాణాల్లో ఆ పాత నవల అమ్మకాలు ఎగిరిపడ్డాయి. రచయితలు డామన్ లిండెలాఫ్, కార్ల్‌టన్ క్యూజ్ 'వాళ్లు చనిపోలేదు' అని ఎన్నిసార్లు చెప్పినా నమ్మినవాళ్లు తక్కువ. దొంగ తాను దొంగనని చెబుతాడా అన్నది బావగారి ప్రశ్న.

మిగతా ఊహలకీ కొదవ లేదు. పొగ రాక్షసి కంటికి కనిపించని చిన్నచిన్న యంత్రాల గుంపని కొందరన్నారు. కాలం గుండ్రంగా తిరుగుతోందని, అదే రోజులు మళ్లీమళ్లీ వస్తున్నాయని మరికొందరు. ఇదంతా హర్లీ అనే భారీకాయుడి బుర్రలో నడుస్తున్న కల అన్నవాళ్లూ ఉన్నారు. 2006లో రచయితలు సరదాకి ఆ ఊహ మీదే ఓ ఎపిసోడ్ తీసి వాళ్లని కాసేపు ఆటపట్టించారు. అదే ఏడాది ఓ తలుపు మీద కొన్ని క్షణాలపాటు వెలుగులో కనిపించి మాయమైన పటాన్ని, అభిమానులు బొమ్మ ఆపి ఆపి చూసి, అక్షరం అక్షరం ఎత్తి రాసుకున్నారు. మా అక్క అందులో ఒకరు. ఆ కాగితం ఇప్పటికీ ఆవిడ వంటల పుస్తకంలో ఉంది.

2007 మేలో ఇంకో విచిత్రం జరిగింది. 2010లో ఆపేస్తామని చానలూ రచయితలూ కలిసి మూడేళ్ల ముందే ప్రకటించారు. బాగా ఆడుతున్న సీరియల్‌కి ఇలా మంచిరోజు చూసి ముగింపు పెట్టుకోవడం అరుదు. సీరియల్ అంటే సాగదీయడమే అని అలవాటైపోయిన మనకి ఇది మరీ కొత్త. అక్కడినుంచి ఊహలకి పదును వచ్చింది. తేదీ తెలిసింది కదా... ఈలోగా ఎవరిది రైటో తేలిపోవాలి!

చివరి సీజన్ నాటికి వ్యవహారం వైట్‌హౌస్ దాకా వెళ్లింది. 2010 జనవరిలో ఒబామా వార్షిక ప్రసంగం తేదీ ఇంకా తేలలేదు. ఎక్కడ ఫిబ్రవరి 2న పెట్టి 'లాస్ట్' మొదటి ఎపిసోడ్‌ని ఆపేస్తారోనని అభిమానులు గోలపెట్టారు. అలాంటిదేమీ జరగదని వైట్‌హౌస్ ప్రతినిధి విలేకర్ల సమావేశంలో హామీ ఇవ్వాల్సి వచ్చింది. ఒబామా పుట్టింది ఈ హొనొలులులోనే అనుకోండి! అదే జనవరి ఆఖర్లో వైకీకీ ఇసుకలో తెర కట్టి ఆ ఎపిసోడ్‌ని మూడు రోజుల ముందే చూపిస్తే, వేలమంది చాపలేసుకుని కూర్చున్నారు.

2010 మే 23, ఆదివారం. రెండున్నర గంటల ముగింపు. అమెరికాలో కోటీ 35 లక్షలమంది చూశారు. తేల్చింది ఏమిటంటే... దీవి నిజం. అక్కడ జరిగిందంతా నిజం. కొందరు అక్కడే పోయారు, కొందరు తప్పించుకుని ఎన్నో ఏళ్లు బతికి తర్వాతెప్పుడో పోయారు. చివరి సీజన్లో సమాంతరంగా చూపించిన రెండో జీవితం మాత్రం మరణం తర్వాతది. ఎవరు ఎప్పుడు పోయినా ఒకరి కోసం ఒకరు ఆగి, ఓ చర్చిలో కలుసుకుని, అందరూ కలిసి ముందుకు వెళ్తారు. ఆ చర్చిలోని గదిలో రంగుటద్దాల కిటికీ మీద శిలువతోపాటు నెలవంక, ధర్మచక్రం, మన ఓంకారం కూడా కనిపిస్తాయి.

అయిపోయింది కదా? కాలేదు! పేర్లు పడుతుండగా, మొకులేయియా తీరంలో మనిషన్నవాడు లేకుండా పడి ఉన్న విమాన శకలాలని చూపించారు. అంతే... 'చూశారా, ఎవరూ బతకలేదు' అని సగం ప్రపంచం తీర్మానించేసింది. ఆ దృశ్యాలు కథలో భాగం కాదని, ముగింపు నుంచి వార్తల్లోకి ఒక్కసారిగా దూకకుండా ప్రేక్షకులు కాస్త తేరుకోవడానికి తామే కలిపామని చానల్ చెప్పింది. 2014లో క్యూజ్ కూడా ఓ సభలో ఇదే వివరించారు. అయినా బావగారు వినలేదు. "చానల్‌వాళ్లు ఎన్నయినా చెబుతారు. నా కళ్లతో చూశాను" అన్నారు మొకులేయియా ఇసుకలో నిలబడి. అక్క ఊరుకోలేదు. "మొదటిరోజే పోయుంటే ఆ ఆరేళ్లూ వాళ్లు పడ్డ పాట్లన్నీ ఉత్తుత్తివేనా? ఆ కొరియా మొగుడూపెళ్లాల ఏడుపూ ఉత్తిదేనా? నాకు మాత్రం ఉత్తిది కాదు" అంది.

నా ఓటు అక్కకే. ముగింపులో లోపాలు లేవని కాదు. అంకెల సంగతి అరకొరగా వదిలేశారు. గుహలో దొరికిన రెండు అస్థిపంజరాల మీద అభిమానులు అల్లిన కథలతో పోలిస్తే, రచయితలిచ్చిన జవాబు చప్పగా ఉంది. కానీ వాళ్లు పడ్డ కష్టం నిజమని చెప్పడం మాత్రం సరైన పనే.

మేనకోడలికి ఈ తగువు అర్థం కాలేదు. 'లాస్ట్'కి 2024లో ఇరవై ఏళ్లు నిండాయని స్నేహితులు చెబితే, మూడు వారాల్లో మొత్తం చూసేసిందట. నీ సిద్ధాంతం ఏమిటని అడిగితే, "ఆలోచించేలోపే నెక్స్ట్ ఎపిసోడ్ వచ్చేసేది మామయ్యా" అంది. వారపత్రికలో 'సశేషం' అన్న మాట చూసి, వచ్చే గురువారం దాకా ఇంటిల్లిపాదీ కథని తలా ఓ వైపు లాగిన తరం మాది. ఆ వారం రోజుల ఖాళీ లేకపోతే ఊహలెక్కడ మొలుస్తాయి?

ఊరంతా సెట్టే

'లాస్ట్' దాదాపు మొత్తం ఒవాహులోనే తీశారు. దీవి సన్నివేశాలే కాదు, కథలో వచ్చే దేశాలన్నీ ఇక్కడివే. సిడ్నీ ఎయిర్‌పోర్టు అంటే హొనొలులులోని హవాయి కన్వెన్షన్ సెంటర్. సియోల్, బాగ్దాద్, లండన్, బెర్లిన్... అన్నీ హొనొలులు వీధులే. బోర్డులు మార్చి, కార్లు మార్చి లాగించేశారు. ఇరాకీ సైనికుడు సయీద్‌గా చేసిన నవీన్ ఆండ్రూస్ లండన్‌లో పుట్టిన మలయాళీల బిడ్డ. అంటే హవాయిలో నిలబడి కేరళ మూలాలున్న ఇంగ్లిష్ నటుడు బాగ్దాద్ చూపించాడన్నమాట!

తూర్పువైపు కనియోహె దగ్గర బ్యోడో-ఇన్ అనే జపాన్ తరహా ఆలయం ఉంది. పచ్చటి కొండగోడ ముందు ఎర్రటి కట్టడం, చుట్టూ చేపల కొలను. హవాయి చెరకు తోటలకి జపాన్ కూలీలు వచ్చి వందేళ్లయిన సందర్భంగా 1968లో కట్టారు. సీరియల్లో ఇది కొరియా కోటీశ్వరుడి ఇల్లు. జపాన్ గుడిని కొరియా ఇల్లు చేయడం ఏమిటని అక్కడో పెద్దాయన గొణుక్కుంటూ ఫొటో తీసుకుంటున్నాడు. మాకూ అలాగే అనిపించింది, మేమూ తీసుకున్నాం.

ఇంకాస్త ఉత్తరానికి వెళ్తే కువలోవా రాంచ్. 'జురాసిక్ పార్క్'లో డైనోసార్లు పరుగెత్తిన లోయ ఇదే. హర్లీ దీవిలో గోల్ఫ్ మైదానం వేసుకున్నదీ ఇక్కడే. టికెట్ కొంటే బస్సులో తిప్పి చూపిస్తారు. చెప్పొద్దూ, మాకిది అంతగా ఎక్కలేదు. ప్రతి మలుపులోనూ ఓ బోర్డు, 'ఇక్కడ ఫలానా సినిమా తీశారు' అని. రహస్యమంతా ముందే విప్పేసిన పొట్లంలా ఉంది. మొకులేయియాలో ఏ బోర్డూ లేదు. అదే నయం.

ఆత్మలు దూకే చోటు

మొకులేయియా నుంచి పడమరకి అదే రోడ్డు పట్టుకుని వెళ్తే క్యాంప్ ఎర్డ్‌మన్ వస్తుంది. పిల్లల విడిది శిబిరాలకోసం వైఎంసీఏ కట్టిన కుటీరాలు. చూడగానే అక్క "అదర్స్ ఊరు!" అని కేకేసింది. కథలో దీవిలో ముందునుంచీ ఉంటున్న 'వేరేవాళ్లు' కాపురమున్న పసుపు ఇళ్లు ఇవే. లోపలికి వెళ్లనివ్వరు, రోడ్డు మీంచి చూసి కదలడమే. ఆ తర్వాత కొద్ది దూరంలో తారు రోడ్డు ఆగిపోతుంది. అక్కడినుంచి సుమారు నాలుగు కిలోమీటర్లు కాలినడక. ఒకప్పుడు చెరకు మోసిన రైలు పట్టాలు ఈ దారినే ఉండేవి. 1947లో ఆ రైలు ఆగిపోయింది. ఎడమవైపు కొండ, కుడివైపు సముద్రం, మధ్యలో ఎర్రమట్టి బాట. నీడ లేదు. బాట చివర దీవి కూడా అయిపోతుంది. ఆ కొసే కాయెనా పాయింట్.

విమానం కూలిన తీరాన్ని చూడ్డానికి వచ్చేవాళ్లలో చాలామంది మొకులేయియాలోనే వెనక్కి తిరుగుతారు. ఆ ఒక్క నడకా నడిస్తే 'లాస్ట్' గురించి ఆరేళ్లలో ఎవరూ చెప్పని సంగతి ఒకటి తెలుస్తుంది.

కాయెనాలో ఓ పెద్ద రాతిగుట్ట ఉంది. హవాయి మూలవాసులు దాన్ని లెయినా అ క ఉహానె అంటారు. ఆత్మ దూకే చోటు అని అర్థం. మనిషి ఒంట్లోంచి బయటపడ్డ ప్రాణం సూర్యుడు అస్తమించే దిక్కుకి నడిచి, దీవి అంచున ఈ బండ మీంచి పైలోకంలోకి దూకుతుందని వాళ్ల నమ్మకం. ఇలాంటి చోట్లు మిగతా దీవుల్లోనూ ఉన్నాయి. ఒవాహుకి పేరున్నది ఇదే.

ఒక్కసారి ఆలోచించండి. 2004లో టీవీవాళ్లు విమానం పడేయడానికి ఎంచుకున్న తీరం, ఎన్నో తరాలుగా పోయినవాళ్లు నడిచి వెళ్తారని ఇక్కడివాళ్లు చెప్పుకునే దారిలో ఉంది! దీవి అంటే చచ్చినవాళ్ల మజిలీ అని అమెరికా అంతా వాదించుకుంటున్నప్పుడు, ఆ వాదన మొదలైన ఇసుకకి కొద్ది కిలోమీటర్ల దూరంలో నిజంగానే అలాంటి మజిలీ ఉందని స్థానికులకి ముందునుంచీ తెలుసు. సీరియల్ వాళ్లు ఇది తెలిసే ఎంచుకున్నారని నేననను. పెద్ద తీరం, తక్కువ జనం, దగ్గర్లో రోడ్డు... షూటింగుకి అవి చాలు.

ఈ నమ్మకంలో ఇంకో ముక్క ఉంది. కాయెనా దాకా వచ్చిన ప్రతి ఆత్మా సులువుగా దాటలేదట. ముందే వెళ్లిన తాతముత్తాతలు, ఇంటిని కాచే పూర్వీకుల దేవతలు ఎదురొచ్చి చెయ్యి పట్టుకుంటేనే దారి. వాళ్లని అవుమకువా అంటారు. నా అన్నవాళ్లు ఎవరూ రానివాళ్లు చిమ్మెటల్నీ సాలీళ్లనీ తింటూ తిరుగుతుంటారు. వినగానే మా ఊళ్లో నాయనమ్మ చెప్పే మాటలు గుర్తొచ్చాయి. దిక్కులేని చావు చచ్చినవాళ్లు ఊరి పొలిమేర దాటలేరని, అందుకే మహాలయ అమావాస్యకి పేరు తెలియనివాళ్లకి కూడా ఓ ముద్ద పెడతారని అనేది.

ఇప్పుడు ఆ చర్చి ముగింపు మళ్లీ గుర్తు చేసుకోండి. ఎవరూ ఒంటరిగా దాటరు. ఒకరి కోసం ఒకరు ఆగుతారు. అందరూ వచ్చాకే తలుపు తెరుచుకుంటుంది. ఏబీసీ చానల్ రెండున్నర గంటల్లో చెప్పినదీ, ఈ గుట్ట గురించి హవాయి పెద్దలు చెప్పేదీ ఇంత దగ్గరగా ఉంటుందని నేననుకోలేదు. బావగారు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "అయితే నేను చెప్పింది సగం రైటే కదా" అన్నారు. "సగమే" అంది అక్క.

మేనకోడలు మాత్రం గుట్ట కేసి చూస్తూ, "ఇక్కడివాళ్లకి ఇది గుడిలాంటిది కదా మామయ్యా. మనం టీవీ సీరియల్ గురించి అరుచుకుంటున్నాం" అంది. అందరం గొంతు తగ్గించాం. ఆ పిల్ల అన్నది చిన్న విషయమేమీ కాదు. 'ఎవరికీ తెలియని దీవి' అని కథ చెప్పుకున్న నేల మీద మనుషులు వందల ఏళ్లుగా ఉన్నారు. ప్రతి కొండకీ పేరుంది. 121 ఎపిసోడ్ల కథలో ఆ మనుషుల పాత్రలకి చోటు మాత్రం కష్టంగా దొరికింది.

కాయెనాకి ఇప్పుడు కాపలా కూడా ఉంది. 2011లో కొసకి అడ్డంగా ఎలుకా, పిల్లీ, కుక్కా, ముంగిసా దూరలేని కంచె కట్టారు. రెండు తలుపుల గేటు ఉంటుంది, ఒకటి మూశాకే రెండోది తెరవాలి. కంచెకి అవతల లేసాన్ ఆల్బట్రాస్ పక్షులు నేల మీదే గూళ్లు పెడతాయి. ఏడాదికి ఒకటే గుడ్డు. ఇక్కడి ముంగిస మనదేనండోయ్! భారతదేశం నుంచి జమైకాకి, అక్కడినుంచి 1883లో హవాయికి, చెరకు తోటల్లో ఎలుకల్ని పట్టడానికి తెచ్చారు. అది ఎలుకల్ని వదిలి పక్షుల గుడ్లు తినడం మొదలుపెట్టింది. ఫిబ్రవరిలో మేం వెళ్లేసరికి బూడిదరంగు నూగుతో బంతుల్లాంటి పిల్లలు గడ్డిలో కూర్చుని ఉన్నాయి. తల్లులు సముద్రం మీదికి వెళ్లాయి, వాటి కోసం ఎదురుచూస్తూ ముక్కులు టకటకలాడిస్తున్నాయి. దూరంగా నీళ్లలో తిమింగలం ఒకటి ఊపిరి వదిలింది. బావగారు ఫోన్ తీసేలోపే మునిగిపోయింది.

వెళ్లాలంటే...

హైదరాబాద్ నుంచి హొనొలులుకి నేరుగా విమానం లేదు. టోక్యో మీదుగానో, అమెరికా పశ్చిమతీరం మీదుగానో వెళ్లాలి. హవాయి గడియారం మనకన్నా పదిహేనున్నర గంటలు వెనక ఉంటుంది, అంటే సోమవారం పొద్దున్న ఇక్కడినుంచి ఫోన్ చేస్తే అక్కడ ఇంకా ఆదివారమే. కాయెనాకి పొద్దున్నే బయల్దేరండి. తలకి ఒకటిన్నర లీటరైనా మంచినీళ్లు, టోపీ తప్పనిసరి. దారిలో కొట్టు లేదు, కుళాయి లేదు. కారులో విలువైన వస్తువులేవీ వదలొద్దు, రోడ్డు ఆగిపోయే చోట అద్దాలు పగలగొట్టే దొంగలున్నారు. పక్షి పిల్లలకి దూరంగా బాటమీదే నడవండి. గుట్ట మీదికి మాత్రం ఎక్కకండి. మేం కింద నిలబడే చూసి వచ్చాం.